మంచంకోడు

రోజా టీచరు చెప్పుల చప్పుడు సందులో వినపడగానే హేమశ్రీకి గుండెల్లో రాయి పడింది. నెలకోసారి అంగన్‌వాడీ నుంచి ఇంటికొచ్చి పసిపిల్లల ఎదుగుదల చూసుకుని పోయే మనిషంటే ఇంత భయమా అంటే, తప్పు చేసినోళ్ళకి భయమే మరి. హేమశ్రీ రెండు నెలలుగా తప్పు చేస్తంది.

అదేటో చెప్తాను. టీచరు హేమశ్రీ కొడుకు బాలుగాడిని నవారు మంచమ్మీద కూర్చోబెట్టి, వెనకాల నిలబడి గిలక్కాయ ఊపుతుంది. చప్పుడుకి గుంటడు వెనక్కి తిరగాలి. గిలక్కాయ మోగినప్పుడల్లా హేమశ్రీ మోకాలితో మంచంకోడుని చిన్నగా నెట్టేది. మంచం అదిరేది, వాడు ఎవరా అని తిరిగి బోసినవ్వు నవ్వేవాడు. టీచరు పుస్తకంలో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయేది.

వాడికి వినపడదని తేలితే, కడుపుతో ఉన్నప్పుడు జొరమొచ్చినా ఆస్పత్రికెళ్ళని నీ వల్లే అంటారని ఆ పిల్ల భయం. అత్త అప్పయమ్మ నోరు అసలే మంచిది కాదు. మనవడిని పొద్దస్తమానం చంక దింపదు. ఆవిడకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు సందులోకొచ్చింది. బాలుగాడు పాక్కుంటూ గుమ్మం దాటి రోడ్డెక్కేసేడు. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అందరూ చెవులు మూసుకున్నారు. వీడు మాత్రం మట్టిలో చెరుకాకులు ఏరుకుంటూ కూర్చున్నాడు. హేమశ్రీ పరుగెత్తి లాక్కునేసరికి చక్రానికీ వాడికీ మధ్య జానెడు చోటు లేదు. గుమ్మంలో నిలబడి అంతా చూసిన అప్పయమ్మ లోపలికి పోయింది. రాత్రంతా హేమశ్రీ వాడిని ఒళ్ళోంచి దింపలేదు.

టీచరు వచ్చి బాలుగాడిని మంచమ్మీద కూర్చోబెట్టింది. అప్పయమ్మ కూడా వచ్చి తలాపు దగ్గర నిలబడింది.

"ఏటమ్మా, మొహం అలా పీక్కుపోయింది?" అంది టీచరు.

"ఏటీ లేదండీ. వినపడని పిల్లల్ని ఏటి చేస్తారు టీచర్‌గారూ?"

"విశాఖపట్నం ఆస్పత్రికి పంపిస్తాం. తొందరగా తెలిస్తే చెవికి మిషను పెట్టి మాటలు నేర్పిస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. బాలుకేటి, రెండుసార్లూ బాగానే తిరిగేడు కదా."

రెండు నెలలు. బిడ్డ దగ్గర తను దొంగిలించిన రెండు నెలలు. హేమశ్రీ మంచానికి దూరంగా జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది. ఏదైతే అదయింది, ఇవాళ నెట్టకూడదనుకుంది.

టీచరు గిలక్కాయ ఊపింది. బాలుగాడు తిరిగేడు. తిరిగి నవ్వేడు.

వినపడింది, నా బిడ్డకి వినపడింది అనుకుంది హేమశ్రీ. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేయి. కొంగుతో తుడుచుకుని చూస్తే, తలాపు వైపు కోడు దగ్గర అప్పయమ్మ పాదం కనపడింది. మట్టెలున్న ఆ పాదం కోడుని నెట్టి, ఇంకా దానికే ఆనుకుని ఉంది. ఆవిడ ఎటో చూస్తంది.

కోడలు మానేసిన పని అత్త అందుకుంది. అయితే ఆవిడకీ తెలుసు. ఆవిడకీ భయమే.

"అత్తా, కాలు తియ్యి," అంది హేమశ్రీ.

అప్పయమ్మ మెల్లగా తీసింది.

"మళ్ళీ ఊపండి టీచర్‌గారూ."

టీచరు ఇద్దరి మొహాలూ చూసింది. ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. బాలుగాడు దుప్పటి అంచు చీకుతూ కిటికీకేసి చూస్తా కూర్చున్నాడు.

అప్పయమ్మ వచ్చి కోడలి పక్కన చతికిలబడింది.

"రేపు ఫస్టు బస్సుకే పోదాం," అంది. "నేనూ వస్తాను."