నువ్వు గూడ రా

బియ్యం నానబోసి వచ్చాను, సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ చేరితే రుబ్బుకోవచ్చని, లేకపోతే పులిసి కంపు కొడతాయి, మా అత్త దానికీ నన్నే అంటుంది, ఎంతసేపయింది వీళ్లు లోపలికి పోయి, కర్టెన్ కింద జానెడు సందులోంచి ఇక్కడ పిల్లలతో మాట్లాడే బాలమ్మ పాదాలు కనిపిస్తున్నాయి, నా బిడ్డ పాదాలు కనిపించడం లేదు, కుర్చీ మీదికి ముడుచుకుందేమో, భయమేస్తే అంతే అది, నన్ను మాత్రం రానివ్వలేదు, కన్నతల్లిని, నువ్వు ఎదురుంగ కూసుంటే నీ మొగం చూసి మాట మింగేస్తాదమ్మా, దాన్నొక్కసారి చెప్పనీ, పోలీసోళ్లకైనా డాక్టరమ్మకైనా మల్లా మల్లా చెప్పకుండా నేను పక్కనుండి చూసుకుంటా అంది బాలమ్మ, ఇట్లాంటి పిల్లల కోసం నంద్యాలలో ఒక ఇల్లుందని బిడ్డ చెప్పింది విని బడిలో నాగజ్యోతి టీచర్ చెప్పేదాకా నాకు తెలియదు, గోడ మీద ఏనుగు బొమ్మ, బుట్టనిండా లక్కపిడతలు, చూసినవాళ్లు పిల్లల బడి అనుకుంటారు.

కిటికీ ఊచల అవతల రోడ్డు, రోడ్డవతల టీ బంకు, బెంచీ మీద నా మొగుడు రామాంజనేయులు, చేతిలో కొత్త సెల్లు, మాటిమాటికీ చెవిన పెట్టుకుంటున్నాడు, అవతల వాళ్లన్న శేషయ్యే అయుంటాడు, ఏమీ జరగలే, పిల్ల జడుసుకోని ఏందో అనింది అని చెప్పి బయటికి రా, అన్న మీద కేసు పెట్టినావంటే మల్లా ఆ గడప తొక్కాకు అన్నాడు నా మొగుడు బస్సులో, బిడ్డ నిద్రపోతోందనుకుని, నిద్రపోలేదు, దాని రెప్పలు కదులుతూనే ఉన్నాయి, ఇల్లు శేషయ్య బావది, చేను ఆయన పేరు మీదే ఉంది, ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు, ఇప్పుడు లేచి రోడ్డు దాటితే నాకు ఆ ఇల్లుంటుంది, ఆ ఇంట్లో ఆయనుంటాడు, దాటకపోతే మేమిద్దరం ఎక్కడికి పోవాలి, దొర్నిపాడులో పుట్టిల్లుందన్న పేరే గానీ రెండోనాడే వదిన ఎప్పుడు పోతావని అడుగుతుంది.

జడుపే అనుకున్నాను, పెద్దనాయనకు చేనికి సద్ది ఇచ్చి రమ్మని పంపితే దారిలో ఏదో చూసి జడుసుకుందని, నిద్రలో ఉలిక్కిపడి లేచేది, అన్నం ముట్టేది కాదు, తొమ్మిదేళ్ల పిల్ల పక్క తడిపేది, శ్రీశైలంలో మొక్కుకుంటే పుట్టింది, భ్రమరాంబిక అని పేరు కూడా అందుకే, మంత్రగాడి దగ్గర మెడలో నల్లదారంతో అంత్రం కట్టిస్తే పోతుందన్నారు, మూడు అమావాస్యలు కట్టించాలన్నారు, నేను పిల్చుకపోతాలే నాగమణీ, నీకు పనుంటాది కదా అన్నాడు శేషయ్య బావ, ఎంత మంచి మనసని మనసులోనే దండం పెట్టుకున్నాను, నా చేతులతో జడ వేసి, రిబ్బన్ కట్టి, ఆయన సైకిలెక్కించి పంపాను, ఎవరిని చూసి జడుసుకుందో వాడి చేతికే ఇచ్చి జడుపు పోగొట్టుకుని రమ్మన్నాను, వాణ్ణి ముక్కలు ముక్కలుగా నరకాలనిపిస్తోంది, సైకిలెక్కే ముందు ప్రతిసారీ నా కొంగు పట్టుకునేది, అమ్మా, నువ్వు గూడ రా, అంతే అనేది, ఇంకో మాట లేదు, యాడికి వచ్చేది, పత్తి ఎవురు తీస్తారు, పెద్దనాయన ఉండాడు కదా, పో అని కొంగు లాక్కునేదాన్ని, ఇవాళ ఈ కర్టెన్ దగ్గర మాత్రం రమ్మనలేదు, బాలమ్మ వేలు పట్టుకుని వెనక్కి చూడకుండా పోయింది, పరాయి మనిషి వేలు పట్టుకుందని అప్పుడు కోపం కూడా వచ్చింది నాకు.

కర్టెన్ కదిలింది, ముందు బాలమ్మ, ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది, చెప్పిందమ్మా, బాగా చెప్పింది, ఈ పొద్దు ఈడ్నే పండుకోండి, రేపు టేషన్ కాడికి నేనూ వస్తా, ఆస్పత్రికీ వస్తా, మీ ఆయనతో నేను మాట్లాడతా, ఆయన్ని ఒప్పిచ్చే పని నువ్వు పెట్టుకోవాకు, పిల్లను చూసుకో చాలు, కిటికీలోంచి చూస్తే బెంచీ మీద నుంచి లేచాడు, రమ్మని చెయ్యి ఊపుతున్నాడు, బస్సు వేళయింది, బాలమ్మ వెనక నుంచి నా బిడ్డ, కిటికీ వంక చూడలేదు, నా మొహంలోకే చూసింది, కొంగు పట్టుకోబోయి ఆగిపోయింది, అమ్మా, ఆ పక్క ఇంకో గదుంది, మంచాలుండాయి, నువ్వు గూడ రా.

పులిస్తే పులియనీ ఆ బియ్యం, దాని మెడలో నల్లదారం ఇంకా ఉంది, పంటితో కొరికి తెంపాను, వస్తాండా పాపా అన్నాను, నాకెందుకు చెప్పలేదే అని బస్సులో అది కళ్లు మూసుకునేదాకా దాన్ని సాధిస్తూనే వచ్చాను, చెప్పకేం, మొదటి అమావాస్య నుంచీ చెబుతూనే ఉంది, నేనే పోలేదు.