చిల్లంగి బొమ్మ పెళ్లిచీర

నేను ఒక గుడ్డబొమ్మను. బొంతలు కుట్టే ఎర్రయ్యమ్మ మిగిలిన పీలికలతో నన్ను చేసి, చివరి దారాన్ని పళ్లతో కొరికి, పొరుగింటి గున్నమ్మ ఒళ్లో పడేసింది. గున్నమ్మకు తొమ్మిదేళ్లు. ఆ వారమే నాకు పెళ్లి చేసింది. ఎర్రగుడ్డ చీర కట్టి, జారకుండా మూడు తుమ్మముళ్లు గుచ్చింది. పెళ్లికూతురికి ఆ మాత్రం తప్పదు.

మర్నాడు అమ్మవారికని దాచిన చలిమిడంతా గున్నమ్మ తినేసింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే తల్లి, "ఎవులేటి ఎట్టినారే?" అని నిలదీసింది. తన్నులకు భయపడి పిల్ల "ఎర్రయ్యమ్మ" అంది. అప్పుడు తల్లికి నేనూ, నా ముళ్లూ కనిపించాం.

"ఓలమ్మో, చిల్లంగి!"

చేతబడిని మా ఊళ్లో అలా అంటారు. చేసినవాళ్ల పళ్లూడగొడితే మంత్రం పలకదని ఊరి నమ్మకం. పెద్దలు పటకారు తెచ్చేలోగా పోలీసులు వచ్చారు. దొరల చట్టంలో చిల్లంగి లేదట. అందుకని విషం పెట్టిందని కేసు రాశారు. రుజువు నేను. గుమాస్తా నా ముళ్లు పీకి వేరే పొట్లం కట్టాడు. చదువుకున్నవాడు, చీర సంగతి ఆలోచించలేదు.

విచారణలో గున్నమ్మ పాఠం అప్పజెప్పినట్టు, "ఆ ముసల్దే బొమ్మకి ముల్లు గుచ్చినాది బాబూ" అంది. నేరం రుజువైతే జైలు, కాకపోతే ఊళ్లో పటకారు. ఎర్రయ్యమ్మ పెదాలు బిగించి నిలబడింది. మేజిస్ట్రేటు నన్ను పైకెత్తాడు. నా చీర జారింది. అంతమంది మగవాళ్ల ముందు!

"అయ్యో, పెళ్లికూతురు బాబూ!"

గున్నమ్మ ఉరికొచ్చి నన్ను లాక్కుంది. పొట్లం విప్పి, కుచ్చెళ్లు సర్ది ఒక ముల్లు గుచ్చింది. రెండోది నడుం దగ్గర. ఎక్కడేది పెట్టాలో ఆ వేళ్లకు తెలుసు. కొంగుకు మూడోది అందుకుంటూ ఆగిపోయింది. కచేరీ అంతా తననే చూస్తోంది.

"ఈ ముళ్లు ఎవరివమ్మా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నావే. సలిమిడి కూడా నానే తిన్నాను. అమ్మోరికెట్టకముందే!" అని బావురుమంది.

అమ్మవారికి కోపం వచ్చిందో, నవ్వొచ్చిందో. చలిమిడి కన్నా పటకారే ఆ తల్లిని ఎక్కువ బాధపెట్టి ఉంటుందని నా గుడ్డబుర్రకు తోస్తుంది.

ఎర్రయ్యమ్మను వదిలేశారు. పటకారు తెచ్చిన పెద్దలు, తమకు మొదటినుంచీ అనుమానమేనని చెప్పుకుంటూ ఇంటిదారి పట్టారు. నన్ను మాత్రం సర్కారు ఉంచేసుకుంది. గున్నమ్మ ఏడుస్తుంటే ఎర్రయ్యమ్మ కసిరింది.

"ఊరుకోయే గుంటా! పళ్లున్నాయి గదేటి, దారం కొరికి ఇంకోటి కుడతాను."

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. చీటీ మీద 'చిల్లంగి బొమ్మ' అనే ఉంది. చీటీని ఎవరూ విచారించలేదు. పెద్దవాళ్లు చూసి దూరం జరుగుతారు. మొన్నొక చిన్నపిల్ల గాజుకు ముక్కు ఆనించి, "అమ్మా, బొమ్మకి కొంగు జారిపోతోందే" అంది.

మూడో ముల్లు ఇంకా పొట్లంలోనే ఉంది మరి.