ఒక్క చుట్టు ఎక్కువ

పొద్దున్న ఏడింటికి షట్టరు ఎత్తడం, గుమ్మం ముందు దుమ్ము ఊడవడం, కంప్రెసరు ఆన్ చేసి అది గుర్రుమనేలోపు టీ గ్లాసు ఖాళీ చేయడం. టైర్ల షాపు కోడలికి పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆ మంగళవారం మాత్రం టీ సగంలో ఉండగానే మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు దిగాడు. పెరట్లోకి వెళ్ళి, ఒక టైర్లోకి టార్చి కొట్టి, లోపల నిలిచిన నీళ్ళలో తోకలాడిస్తున్న దోమపిల్లల్ని చూపించాడు.

"శనివారం మధ్యాహ్నానికి ఒక్క పాత టైరు కనపడకూడదమ్మా. పెరట్లోనే కాదు, మీ టైరు వీధిలో దొరికినా షాపుకి సీలే. ఈసారి నా చేతుల్లో లేదు."

"మీ కారువి నాలుగు కూడా అందులోనే ఉన్నాయి సార్."

ఇన్‌స్పెక్టరు గొంతు సగానికి దిగింది. "కట్టేసే ఉంచారు కదా?"

"గొలుసేశాం. విప్పితే నేరుగా స్వీట్ల కొట్టుకే పోతాయి. మీ ఆవిడగారు రెండుసార్లు వచ్చి అడిగారు, ఎటు లాగుతున్నాయని."

"ముందు వాటి సంగతి చూడండి," అని నోటీసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తీపి ముట్టి మూడేళ్ళయిందని ఇంట్లో చెప్పుకునే మనిషి పాపం.

పాత టైర్లతో చిక్కు అదే. పాత రిమ్ములైతే తేలిక, ఇనుముకి ఏమీ గుర్తుండదు. ఇనప సామాన్లవాడు ఒక్క ట్రిప్పులో పట్టుకుపోతాడు. రబ్బరు అలా కాదు. తిరిగిన దారి మర్చిపోదు. వదిలేస్తే, ఎక్కడ ఎక్కువసార్లు ఆగిందో అక్కడికి దొర్లుకుంటూ పోయి గుమ్మానికి ఒరుగుతుంది. కూడలిలో పోలీసు ఒక చెయ్యెత్తి వాటికి దారి ఇస్తాడు, రెండో చేత్తో నుదురు తుడుచుకుంటాడు.

అందుకని పారేసేముందు చుట్లు విప్పాలి. గోడకి బిగించిన ఇరుసు మీద టైరు ఎక్కించి, అది తిరిగిన వెయ్యి కిలోమీటర్లకి ఒక చుట్టు చొప్పున వెనక్కి తిప్పాలి. ఎన్ని వేలో సుద్దతో టైరు మీదే రాసి ఉంటుంది. లెక్క సరిపోతే టైరు మెత్తబడి, దించగానే దబ్బున పడుకుంటుంది. తక్కువైతే దాని అలవాటు దానిదే. ఎక్కువైతే మాత్రం కష్టం. బండి నడిపిన మనిషి వెళ్ళాలనుకుని ఎన్నడూ వెళ్ళని చోటికి పోతుంది. మామగారి రోజుల్లో ఒక్కసారే అలా జరిగింది. ఒక గుమాస్తా టైరు రెండు ఊళ్ళు దాటి సముద్రంలో దిగింది. గుమాస్తా సెలవు పెట్టి దాని వెనకే వెళ్ళాడు. ఆ సెలవు ఇంకా అయిపోలేదు.

ఆనాటి నుంచి లెక్క అత్తగారి చేతికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క అంకె తప్పలేదు.

"రెండొందల పన్నెండు టైర్లు," అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండానే తేల్చేసింది. "నాలుగు రోజులు. రోజుకి యాభై మూడు. సగటున నలభై చుట్లేసుకో, రోజుకి రెండు వేల నూట ఇరవై."

"తిప్పేది నేను కదా అత్తయ్యా, మీకు ఎంతైనా అంకే."

"వాడుంటే సాయం పట్టేవాడు."

వాడంటే ఆవిడ కొడుకు, కోడలి మొగుడు. వీధంతా సైలెన్సర్ అని పిలుస్తారు, నోరు విప్పడు. నెల నుంచి నడుం పట్టేసి లోపలి గదిలో పడుకుని ఉన్నాడు.

అత్తగారు పేపరు మడిచింది. "ఏమే, నీకు నలభై అయిదు ఎప్పుడు నిండుతాయి?"

"వచ్చే నెల పధ్నాలుగున. ఏం?"

ఆవిడ పెదాలు కదిలాయి. "ముప్పై ఒక్క రోజులు," అంది.

"దేనికి?"

"ఊరికే. ఎక్కించు, ఎక్కించు. ఎండెక్కితే నీ వల్ల కాదు."

కోడలు ఎక్కించింది. ఒకటి, రెండు, మూడు... అత్తగారు స్టూలు మీద కూర్చుని లెక్కపెడుతుంటే ఆ గొంతు కంప్రెసరు చప్పుడులో కలిసిపోయేది. గురువారానికి కోడలి భుజాలు ఆమెవి కాకుండా పోయాయి. వేళ్ళకి పట్టిన నలుపు ఏ సబ్బుకీ వదల్లేదు. పడుకుంటే పరుపు కూడా వెనక్కి తిరుగుతున్నట్టుండేది. "ఎన్నయ్యాయి?" అని పక్క మంచం మీంచి మొగుడు అడిగాడు. ఆ వారం అతను మాట్లాడిన మాట అదొక్కటే. జవాబు చెప్పే ఓపిక లేక ఆమె వేళ్ళు చూపించింది. చీకట్లో అవి కనపడలేదు.

శనివారం తొమ్మిదింటికి లారీ వచ్చింది. టైర్లు నలగ్గొట్టే ఫ్యాక్టరీది. డ్రైవరు సందు మొదట్లో ఆపి దిగి, అటూ ఇటూ కొలిచి, చేతులెత్తేశాడు.

"ఇందులోకి రివర్సు పట్టదక్కా. మోసుకు రండి."

"రెండొందల పన్నెండు టైర్లు మోయాలా? తాళం ఇలా ఇయ్యి."

"ఇది స్కూటరు కాదక్కా!"

ఆమె అప్పటికే ఎక్కేసింది. అద్దం సరిచేసుకుని, ఒక్కసారి కూడా ముందుకి రాకుండా, గోడకీ లారీకీ జానెడు చొప్పున వదిలి, పెరటి గుమ్మం దాకా వెనక్కి తెచ్చి ఆపింది. దిగుతున్నప్పుడు ఆమె మొహంలో అలసట కాసేపు కనపడలేదు.

"ఎక్కడ నేర్చావక్కా?" డ్రైవరు నోరు తెరిచాడు.

"హెవీ లైసెన్సు ఉంది దానికి," అత్తగారు అందుకుంది. "గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయించుకుంటుంది. బస్సు మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు."

అది నిజం. పందొమ్మిదేళ్ళ కింద బస్సు డిపో నుంచి డ్రైవరు ఉద్యోగానికి రమ్మని కార్డు వచ్చిన వారమే మామగారు పోయారు. "రెండు నెలలు షాపు చూసుకోమ్మా, తర్వాత నీ ఇష్టం," అని అడిగింది అత్తగారే. ఆ మాట మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పదకొండున్నరకి పెరడు ఖాళీ అయింది. ఇరుసు మీద ఒక్కటే మిగిలింది, షాపు వ్యానుది. ఆ వ్యాను ఇన్నేళ్ళూ నడిపింది కోడలే. ఇంటి నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి ఇంటికి. సుద్దతో అరవై రెండు అని రాసి ఉంది.

"అరవై," అత్తగారు లెక్కపెడుతోంది. "అరవై ఒకటి. అరవై రెండు." కోడలికి కళ్ళు మూతలు పడుతున్నాయి. "అరవై రెండు."

కోడలు తిప్పింది. దించింది. టైరు పడుకోలేదు.

నిటారుగా నిలబడి, ఒకసారి అటూ ఇటూ ఊగి, లారీ పక్కనున్న జానెడు సందులోంచి వీధిలోకి దూరిపోయింది.

"అత్తయ్యా! ఎన్ని తిప్పించారు?"

"ఏమో, వయసు మీద పడిందేమో," అత్తగారు తీరిగ్గా అంది. "నిలబడి చూస్తావేం? ఇన్‌స్పెక్టరు వచ్చే టైమయింది. వీధిలో దొరికితే సీలే!" స్టూలు కింద నుంచి సంచీ తీసి కోడలి మీదికి విసిరింది. "ఇది పట్టుకుపో!"

"ఇదెందుకు?"

"పరిగెత్తవే!"

పరిగెత్తడానికి ఓపిక ఎక్కడిది? టైరుకీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. మలుపు దగ్గరల్లా ఆగి, ఆమె కనపడ్డాక కదిలేది. కూడలిలో పోలీసు చెయ్యెత్తి ఇద్దర్నీ దాటించాడు. గోడౌను వైపు తిరుగుతుందనుకుంది; తిరగలేదు. వంతెన దిగింది. ఈ వైపు ఆమె కావాలనే వ్యాను తీసుకురాలేదు, ఎన్నడూ. మూడు కిలోమీటర్లు. కాళ్ళు ఈడ్చుకుంటూ చివరి మలుపు తిరిగేసరికి టైరు బస్సు డిపో గేటు దాటి, ఫారాల కౌంటరు ముందు వరసలో చివర నిలబడి ఉంది.

"నీదేనా అమ్మా?" వాచ్‌మన్ అడిగాడు.

"నాదే. తీసుకెళ్ళిపోతా." ఆమెకి ఊపిరి అందలేదు.

"గేటు లోపలికి వచ్చాక అది మా స్టోరుది. నువ్వు లైన్లో ఉంటే ఉండు, ఒంటిగంటకి కౌంటరు మూసేస్తారు. డ్రైవర్ల ఫారాలకి ఇవాళే ఆఖరు."

అప్పుడు ఆమె సంచీ తెరిచింది. లైసెన్సు. సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ కవర్లో. రెండు ఫోటోలు. ఒక పెన్ను. అడుగున పేపర్లోంచి కత్తిరించిన ప్రకటన. "వయసు నలభై అయిదు నిండరాదు" అన్న చోట గీత గీసి ఉంది. పక్కన అత్తగారి కుదురైన అంకెల్లో: ఇంకా 27 రోజులు.

మంగళవారం ముప్పై ఒకటి. నాలుగు రోజులు తీసేస్తే ఇరవై ఏడు. ఆవిడ లెక్క తప్పదు.

కోడలు ఆ అంకె మీద బొటనవేలు ఆనించింది. "కదలమ్మా," అని వెనకెవరో అంటే కదిలింది. టైరు ఆమెకి తన చోటు వదిలి, చెట్టు నీడకి జరిగి, దబ్బున పడుకుంది.

ఫారం నింపి కౌంటర్లోకి తోసింది. కింద మూలన ఆమె బొటనవేలి నలుపు గుండ్రంగా అచ్చుపడింది. కౌంటర్లో గుమాస్తా దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"చదువు వచ్చు కదమ్మా? సంతకం కూడా పెట్టు."