చెయ్యి చాపినవాడు

ఆ శుక్రవారం సాయంత్రం బడి మూసేలోగా హాలీనా ప్రిస్టుపా ఒక మాట చెప్పాలి. పదకొండో తరగతి నుంచి డిప్లొమాలో చేరుతుందా, లేక అందరిలా మామూలు చదువే చదువుకుంటుందా అన్నది ఆ మాట. డిప్లొమా అంటే రెండేళ్ళు. ఆరు సబ్జెక్టులు, వాటిలో మూడు పై స్థాయిలో. సొంతంగా పరిశోధించి రాయవలసిన పెద్ద వ్యాసం ఒకటి. చివర మే నెలలో వరసగా పరీక్షలు. ఆ జవాబులు దిద్దేవాళ్ళు ఎక్కడో దేశాంతరాల్లో ఉంటారు, రాసినవాళ్ళ ముఖం ఎన్నడూ చూడరు. అది పూర్తిచేసినవాళ్ళకు పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు త్వరగా తెరుచుకుంటాయని బడిలో అంటారు. పూర్తిచేయలేకపోయినవాళ్ళ గురించి ఆమె ఇంట్లో ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడం మధ్యనే ఆమె పదహారో ఏడు దాటుతోంది.

ఎందుకంటే అన్న మార్కియన్ అదే డిప్లొమాలో చేరి, రెండో ఏడాది ఆకురాలు కాలంలో వదిలేశాడు. మామూలు చదువు ముగించుకుని ఇప్పుడు ఊరి చివర ధాన్యపు గోదాములో లారీలు తూస్తున్నాడు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. మానిటోబా రాష్ట్రంలోని ఆ మూల, గోధుమ పండే చోట, అది చిన్న ఉద్యోగమూ కాదు. కానీ తండ్రీకొడుకులు మాట్లాడుకునేది అప్పటినుంచీ వాతావరణం గురించే.

ఉదయం వంటింట్లో తల్లి నదియా నిలబడే కాఫీ తాగుతోంది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు, కోటు వేసేసుకుంది.

"నేను చెప్పాల్సింది చెప్పేశాను. చేరు. బుర్ర ఉండీ వాడకపోతే అదేం బాగుంటుందే?" అంది.

"నాకూ ఉండేదమ్మా బుర్ర," అన్నాడు మార్కియన్, రొట్టె మీద సాసేజి ముక్కలు పేర్చుకుంటూ. "కొన్నాళ్ళు వాడా. ఇప్పుడు గోదాములో పెట్టా, తడవకుండా."

"నిన్నెవరూ అడగలేదు."

"అదే నేననేదీను. ఈ ఇంట్లో ఆ ముచ్చట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను మాత్రం ఎవరూ అడగరు."

నదియా కప్పు తొట్టిలో పెట్టింది. తండ్రి ఓరెస్ట్ తన రొట్టెకు వెన్న అంచులదాకా రాస్తున్నాడు. శీతకాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే మనిషి కావడం వల్లనో ఏమో, ఏ పనిలోనూ అంచులు వదలడు.

"నాన్నా, నువ్వేమంటావు?" అని అడిగింది హాలీనా.

"నీ ఇష్టం, తల్లీ."

వారం నుంచీ అదే జవాబు. మొదటిసారి విన్నప్పుడు అది స్వేచ్ఛలా అనిపించింది. రెండోసారికి బరువెక్కింది. ఇప్పుడు అందులో ఆమెకు ఒకటే అర్థం వినిపిస్తోంది: నీ మీద కూడా ఆశ పెట్టుకుని మళ్ళీ పోగొట్టుకోలేను.

ఆమెకు చేరాలని లేక కాదు. డిప్లొమా వ్యవహారం చూసే ఫాంటెన్ మేడమ్ కిందటి నెలలో ఆమెను పై తరగతిలో ఒక పూట కూర్చోనిచ్చింది. పెద్ద వ్యాసానికి ఏ విషయమైనా ఎంచుకోవచ్చంటే, కర్లింగ్ ఆటలో గురి చూసి మంచు మీద జార్చే బరువైన రాయి చివర్లో అలా ఎందుకు వంపు తిరుగుతుందో రాయవచ్చా అని హాలీనా అడిగింది. పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్ళో చూస్తున్న వంపు అది. ఫాంటెన్ మేడమ్ నవ్వి, "రాయొచ్చు. శాస్త్రవేత్తలింకా ఒక మాట మీదికి రాలేదు," అంది. రోజూ కళ్ళెదుట జరిగేదానికి జవాబు ఇంకా తేలలేదన్న సంగతి హాలీనాను ఆ రాత్రి నుంచీ పట్టుకుని వదలలేదు. ఆ వ్యాసం రాయాలి. కానీ అది రాయాలంటే మిగతా అంతా మొయ్యాలి. మోయలేక మధ్యలో దించేస్తే తండ్రి తనతోనూ వాతావరణం గురించే మాట్లాడతాడు.

మార్కియన్ ఆమెను తన ట్రక్కులో బడికి దింపుతానన్నాడు. హీటరు ఇంకా వేడెక్కలేదు. ఊపిరి అద్దం మీద గడ్డకడుతోంది.

"నిజం చెప్పు అన్నయ్యా. అంత కష్టమా?"

"కష్టమైతే ఏముందే, కష్టపడతాం. అది అయిపోదు. ఒకటి ముగించి తలెత్తితే ఇంకోటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. అద్దంలో నా మొహం చూసుకుంటే మన తాతయ్య కనపడేవాడు, అదీ పోయాక."

ఆమె నవ్వబోయి ఆగింది. "అందుకేనా వదిలేశావు?"

మార్కియన్ బ్రేకు తొక్కాడు. రైలు గేటు దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. ధాన్యం పెట్టెలు ఒకదాని వెంట ఒకటి కదిలిపోతున్నాయి.

"ఎవరికీ చెప్పలేదు ఇది," అన్నాడు. "ఆ రోజు గరాజులోకి వెళ్ళా, నాన్న దగ్గరికి. వదిలేద్దామనుకుంటున్నా అన్నాను. అనుకుంటున్నా అన్నానంతే. అప్పటికి నెల నుంచీ రోజూ పోట్లాడుకుంటున్నాం, ఆయన వద్దంటాడు, నేనరుస్తా. ఆ రోజూ వద్దంటాడనుకున్నా. అంటే ఉండిపోయేవాణ్ణేమో కూడా." స్టీరింగు మీద వేళ్ళు కదిపాడు. "ఏమన్నాడో తెలుసా? ఏమీ అనలేదు. తొడుగు తీసి చెయ్యి చాపాడు."

హాలీనా అన్న వైపు తిరిగింది.

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకు నడకతో పాటే వచ్చే తెలివిడి ఒకటి ఉంది. కర్లింగ్ ఆటలో ఇక గెలవలేమని తేలిన జట్టు చివరిదాకా సాగదీయదు. చేతి తొడుగు తీసి, కలపమని అవతలివాళ్ళకు చెయ్యి చాపుతుంది. వాళ్ళు అందుకుంటారు, ఆట అక్కడికి ముగుస్తుంది. చాపవలసింది ఎప్పుడూ ఓడుతున్నవాడే. గెలుస్తున్నవాడు ముందుగా చెయ్యి చాపితే, నీ పని అయిపోయింది, ఇంకెందుకు నిలబడ్డావు అని ముఖం మీద అన్నట్టే. అంతటి అమర్యాద ఆ మంచు మీద ఇంకోటి లేదు. పిల్లలకు ఆ ఆటా, ఆ మర్యాదా నేర్పే శిక్షకుడు ఓరెస్టే.

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తా. కలిపా. ఓడినవాణ్ణి కదా." రైలు చివరి పెట్టె దాటిపోయింది. "నీకేమీ చెప్పడంలేదు చూడు ఆయన. నువ్వూ ఓడతావని ముందే లెక్కేసుకున్నాడు. ఈసారి గరాజుదాకా కూడా రానివ్వడేమో."

ఆ పగలంతా హాలీనాకు పాఠాలేవీ తలకెక్కలేదు. మధ్యాహ్నానికల్లా ఆమె మనసులో వద్దన్న మాట దాదాపు ఖాయమైంది. మామూలు చదువులో ఓటమి ఉండదు. ఓటమి లేనిచోట ఎవరూ చెయ్యి చాపరు. మాట తేలిపోయినందుకు తేలికగా ఉండాలి. అయినా తేలికగా లేదు.

చివరి గంట కొట్టాక ఓరెస్ట్ బడికి వచ్చాడు. తల్లిదండ్రుల్లో ఒకరు పక్కన ఉండాలని నియమం. పనిచొక్కా మీదే వచ్చాడు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బూట్లకు అంటి తెల్లగా ఎండిపోయింది. ఫాంటెన్ మేడమ్ గది లోపల ఇంకెవరో ఉన్నారు. ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. ఓరెస్ట్ కుడిచేతి తొడుగు లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెచ్చని వరండాలో ఎవరైనా చేసే పనే అది. అయినా హాలీనా చూపు ఆ చేతి మీదే ఆగిపోయింది.

"చల్లగా ఉందా బయట?" అంది, ఏదో ఒకటి అనాలని.

"రాత్రికి ఇంకా పడిపోతుంది. గాలి మళ్ళింది."

వాతావరణం. ఆమెకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు.

"అన్నయ్యకి చెయ్యెందుకు చాపావు నాన్నా?"

ఓరెస్ట్ తల తిప్పాడు. "ఏ చెయ్యి?"

"గరాజులో. వాడు వదిలేస్తానన్న రోజు."

"చెప్పాడా నీకు?" ఆయన ముఖంలో సంతోషం లాంటిది ఒకటి కదిలింది. "వాడికి గుర్తుందన్నమాట."

"గుర్తుండకేం. నీ ఆట అయిపోయింది పొమ్మన్నావు. ఎవడైనా మర్చిపోతాడా?"

"ఎవరి ఆట?"

"వాడిది. ఇంకెవరిది?"

ఓరెస్ట్ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. అర్థంకాని పాఠం ఎదుట కూర్చున్న పిల్లవాడిలా పెదవులు కదిపాడు.

"చెయ్యి చాపింది నేను," అన్నాడు చివరికి. "ముందు చాపేదెవరే? ఓడినవాడు. ఓడింది నేను. నెలరోజులు వాడి వెంటపడి ఉండు ఉండు అన్నా. వాడికి తిండి లేదు, నిద్ర లేదు. ఆ రోజు గుమ్మంలో వాడి మొహం చూసి, నాదే తప్పు, వీడిదే నిజం అనుకున్నా. అది నోటితో చెప్పడం నాకు రాదు. ఒప్పుకున్నానని చెయ్యి చాపా. అంతకన్నా మర్యాద నాకు తెలీదు."

"ఓడింది తనే అనుకున్నాడు నాన్నా. నువ్వు గెలిచి, పైగా నువ్వే ముందు చెయ్యి చాపావనుకున్నాడు."

ఓరెస్ట్ ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చాడు. వరండా చివర ఎవరో అల్మారా తలుపు మూశారు.

"నాకు ఏమీ చెప్పనిది కూడా అందుకేనా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"చెబితే ఏమైందో ఒకసారి చూశా కదమ్మా."

గది తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఒక తల్లీ కొడుకూ బయటికి వచ్చారు. ఫాంటెన్ మేడమ్ రమ్మని తల ఊపింది. హాలీనా లేచింది. మధ్యాహ్నం ఖాయం చేసుకున్న మాట నోటిదాకా వచ్చి ఉంది కానీ, ఇప్పుడు దానికి కారణం కనబడటంలేదు. కారణం లేని మాట ఎలా చెప్పాలో తెలియక ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"ఊఁ, చెప్పు మరి," అంది ఫాంటెన్ మేడమ్. "చేరుతున్నావా?"

హాలీనా నోరు తెరిచేలోగా ఓరెస్ట్ అందుకున్నాడు. "ముందు నేనొకటి అడగాలి. నిద్ర సంగతేమిటి?"

"అంటే?"

"మావాడు నిద్రపోయేవాడు కాదు. ఇంట్లో మేం చూశాం. ఇక్కడ మీరు చూశారా?"

ఫాంటెన్ మేడమ్ తడబడింది. చేతిలో కలం కింద పెట్టింది. "ఆలస్యంగా చూశాం. మార్కియన్ మార్కులు చివరిదాకా పడిపోలేదు. మార్కులు బాగుంటే పిల్లలు బాగున్నారనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడంలేదు. అయినా ఈ చదువు అందరికీ సరిపడుతుందని చెప్పలేను. ఏటా ఒకరిద్దరు తగ్గించుకుంటారు. డిప్లొమా వదిలి, నచ్చిన సబ్జెక్టులు మాత్రం ఉంచుకుంటారు."

"అది తెలివైన పనేనా?"

"కొందరికి అదే తెలివైన పని."

ఓరెస్ట్ తలూపి కూతురి వైపు తిరిగాడు. నీ ఇష్టం అనబోతున్నాడని ఆయన పెదవులను బట్టి ఆమెకు తెలిసింది. ఆయన ఆ మాట మింగేశాడు.

"చేరమంటాను నేను," అన్నాడు. "నీకు ఆ రాళ్ళ సంగతి తేల్చాలని ఉంది. మీ అమ్మతో చెబుతుంటే విన్నా. రేపు మానేస్తానని వచ్చావనుకో, ఎందుకని నిలదీసి అడుగుతా. విసుక్కుంటావు. అయినా అడుగుతా. అంతా విన్నాక మానెయ్యమంటే మానెయ్యి. నేనేమనుకున్నానో మాత్రం నువ్వు ఊహించుకోనక్కర్లేదు. నోటితోనే చెబుతా."

వారమంతా ఆమె వినాలనుకున్నది ఈ మాటే. విన్నాక చూసుకుంటే భయం ఎక్కడికీ పోలేదు; పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. ఒక్కటే తేడా: ఇంతసేపూ అది తండ్రి మౌనం చాటున నిలబడి ఉంది, ఇప్పుడు ఆ చాటు లేదు. ఆరు సబ్జెక్టులూ, మే నెలా, అయిపోని పనీ తిన్నగా ఆమె ఎదుటికి వచ్చాయి. అవి నిజంగా పెద్దవే. వాటి వెనక, తేలని ప్రశ్న కూడా అలాగే ఉంది. అది ఆమెకు కావాలి.

"చేరుతాను," అంది.

ఫాంటెన్ మేడమ్ కాగితం ముందుకు జరిపింది. "భౌతికశాస్త్రం మామూలు స్థాయి అని పెన్సిలుతో పెట్టావు. అలాగే ఉంచనా?"

హాలీనా ఒక్క క్షణం ఆగింది. "వద్దు మేడమ్. పై స్థాయి వెయ్యండి."

"అది ఇంకా కష్టమా?" అన్నాడు ఓరెస్ట్.

"అవును నాన్నా."

"కష్టమైనదే కావాలని ఎందుకు మరి? మామూలుది చాలదా ఆ వ్యాసానికి?"

ఫాంటెన్ మేడమ్ గోడ గడియారం వైపు చూసి, మళ్ళీ వెనక్కి వాలి కూర్చుంది. ఓరెస్ట్ తొడుగులు బల్ల మీద పెట్టి, జవాబు వినకుండా లేచేది లేదన్నట్టు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. హాలీనా సంతకం పెట్టబోతున్న కలాన్ని పక్కన పెట్టి, ఆయన వైపు తిరిగి, మామూలు స్థాయి ఎందుకు చాలదో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.