ఎక్స్‌రే మీద కుంకుమ బొట్టు

ప్రతి శుక్రవారం దేవుడి పటాలన్నీ తుడిచాక, లస్మవ్వ చివరగా రెండు ఎక్స్‌రే పటాలు చేతిలోకి తీసుకుంటుంది. పదిహేనేళ్లుగా అవి ధర్మపురి నర్సింహస్వామి పటం పక్కనే ఉంటున్నాయి.

అప్పట్లో ఆమె పెనిమిటి రాయమల్లు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేసేవాడు. దగ్గు పట్టుకుని వదలకపోతే వరంగల్‌లో పెద్ద డాక్టరు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయించాడు. రెండింటి మీదా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, "రెండు మచ్చలని బుగులు పడకుండ్రి. ఒకటే మచ్చ, రెండు దిక్కుల నుంచి చూస్తున్నం," అన్నాడు. ఆరు నెలలు మందు మింగి మంచిర్యాలలో మళ్లీ చూపించుకొమ్మన్నాడు. మచ్చ తగ్గకుంటే ఛాతీ కోయాల్సిందే.

ఆరు నెలలయ్యాక మంచిర్యాలలో ప్రేమ్‌సాగర్‌రావు డాక్టరు పాత పటాలను లైటు పెట్టెకు తగిలించి అట్లాగే నిలబడిపోయాడు. సున్నాలు లేవు. కుంకుమ బొట్లున్నాయి.

"గీతలేవి లస్మవ్వా?"

"శుక్రారం శుక్రారం తడిబట్టతోని తుడుస్తున్న సారూ. దేవుని కాడ పెట్టినంక తుడవకుంట ఎట్ల?"

"ఓ రాయమల్లూ, నువ్వు బతికుండంగనే నిన్ను పటం చేసింది గదనే."

"దండ ఒక్కటే తక్కువున్నది సారూ," అన్నాడు రాయమల్లు.

డాక్టరు నవ్వు ఆగిపోయింది. "మచ్చ పలుచగున్నది. పక్క పటంల నరాల నీడలల్ల కలిసిపోయింది. పెద్ద డాక్టరు చూసింది ఏదో నేనెట్ల చెప్పాలె? మళ్ల వరంగల్ పోవుడే."

లస్మవ్వ లైటు పెట్టె దగ్గరికి వచ్చి బొట్టు చూపించింది. "నొసటి బొట్టు తుడిసి గా జాగలనే కొత్తది పెడ్తం గద సారూ. గట్లనే చేసిన. ఎనుక నుంచి ఏలు ఆనిచ్చే తుడుస్త, జాగ తప్పదు."

డాక్టరు స్కేలు తీసి కొలిచాడు. రెండు పటాల్లోనూ బొట్టు ఒకే ఎత్తులో ఉంది; ఒకటే మచ్చ కాబట్టి అట్లాగే ఉండాలి. కానీ ఎదురు పటం మీద ఇంకో బొట్టు కనిపించింది.

"గిదేంది మరి? గీడ మచ్చ లేదు గద."

"గది గుండె సారూ. పక్కన్నే ఉండె. దాన్నొక్కదాన్ని ఎట్ల ఇడిసిపెట్టుదు?"

 డాక్టరు ఆ పొద్దున తీయించిన కొత్త పటాలను పక్కన తగిలించి, మొదటి బొట్లున్న చోటే చాలాసేపు వెతికాడు. చివరికి కళ్లద్దాలు తీసి, "కోసేది లేదు. మచ్చ ఎండిపోయింది," అన్నాడు.

మందు తగ్గించిందా, స్వామి తగ్గించాడా అని అప్పుడే అడగబోయి ఊరుకుంది లస్మవ్వ. ఒకటని తేలితే రెండోదానికి పెట్టే దండం పలచబడుతుందేమోననిపించింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరినీ అడగలేదు.

"నా పటానికి దండ తెచ్చినవా?" వాకిట్లో నుంచి ప్రతి శుక్రవారం అడిగే మాటే అడిగాడు రాయమల్లు.

"జర ఆగు, తొందరేమొచ్చింది," అంటూ లస్మవ్వ పటం వెనుక వేలు ఆనించి, పాత బొట్టు తుడిచింది.