జ్ఞానస్నానం ఇచ్చినవారి పేరు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, తాను అటు తిరిగిన క్షణంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని. ఏడు నెలల పాప పడుకున్నంతసేపూ చేతిలో పని వదిలి వెళ్లి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వేలికి వెచ్చగా గాలి తగిలితే వెనక్కి వచ్చి మళ్లీ ఇస్త్రీపెట్టె పట్టుకునేది.

"నాలుగు దుప్పట్లకోసారి లేచిపోతే దుకాణం నడిచినట్టే," అనేది అత్తగారు. "పిల్ల ఎక్కడికీ పారిపోదులే. దానికింకా పాకడమే రాదు."

దుకాణమంటే వాళ్ల ఇంటి కింది గదులే. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, వెనక గదిలో ఉతికే మిషన్లు, ఇస్త్రీ బల్లలు. ముందు బల్ల దగ్గర భర్త కూర్చుంటాడు. మరకల పని అత్తగారిది. సిరా గానీ, తుప్పు గానీ, రక్తం గానీ, వెలుతురుకి పట్టుకుని ఒక్క చూపు చూసి దేనికి లొంగుతుందో చెప్పేస్తుంది. నా చేతికొచ్చి పోని మరక లేదన్నది ఆవిడ గొప్ప. అబద్ధం కూడా కాదు. మిగిలిందంతా కోడలిది. ఎవరైనా, "పనికి మనిషిని పెట్టుకున్నారా?" అనడిగితే భర్త నవ్వేవాడు. "మనిషెందుకండీ, మా ఆవిడుందిగా!" ఆ మాటలో తాను మనిషినో కాదో ఆమెకు ఎప్పుడూ తేలేది కాదు.

తల్లి మంచం పడితే తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన పిల్ల ఆమె. బడి మానినా చర్చిలో ఆదివారం పూజ మాత్రం మానలేదు. అది పెళ్లితో ఆగింది. "మా గడప లోపల శిలువలూ జపమాలలూ కుదరవు," అని అత్తగారు ముందే చెప్పింది. "నేనున్నానుగా, ఇంకేం కావాలి?" అన్నాడు అతను. ఇంకేం అక్కర్లేదనే అనుకుంది. నాలుగేళ్లయింది. నమ్మకం పోయిందా, ఉందా అని చూసుకునే తీరిక కూడా లేకపోయింది.

ఆ రోజు పొద్దుటినుంచీ పాప ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుకి చూపిద్దామంటే, "పళ్లొస్తున్నాయి. నువ్వో భయాల పుట్టవి," అని భర్త బండి మీద బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లిపోయాడు. అత్తగారు మోకాళ్లు చూపించుకోడానికి వెళ్లింది. మధ్యాహ్నం పాప కళ్లు పైకి తేలేసింది. చేతులు కొయ్యబారాయి, పెదాలు నీలమయ్యాయి. వేలు పెట్టి చూస్తే గాలి లేదు.

భర్తకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు ఆమె చేసిన పని ఆలోచించి చేసింది కాదు. చిన్నప్పుడు ఆదివారం సత్యోపదేశం క్లాసులో సిస్టరు నేర్పింది: ప్రాణం మీదికొచ్చి, ఫాదరు అందకపోతే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు, ఆడవాళ్లైనా, చదువు రానివాళ్లైనా. నీళ్లు తల మీద పారాలి, మాట తప్పకూడదు. పిల్లలంతా ఇంటికెళ్లి బొమ్మలకి ఇచ్చేసి సిస్టరు చేత తిట్లు తిన్నారు కూడా. ఆమె పాపను చంకన పట్టుకుని కుళాయి తిప్పింది. గ్లాసుతో మూడుసార్లు తల మీద పోసింది. పాపను పేరు పెట్టి పిలిచి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇచ్చుచున్నాను" అంది. నాలుగేళ్లుగా "సరే", "ఇదిగో తెస్తున్నా" తప్ప పలకని గొంతు, ఎక్కడా తడబడలేదు. ఆ పైన చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరుగెత్తింది.

డాక్టరు దగ్గరికి చేరేసరికే పాప కదిలి ఏడ్చింది. జ్వరానికి వచ్చే ఫిట్సు, చిన్నపిల్లల్లో చూస్తుంటాం, భయం లేదన్నాడాయన.

సాయంత్రం అత్తగారు పాప తల నిమిరి, "జుట్టంతా ఇలా అతుక్కుపోయిందేం?" అంది. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పింది.

అత్తగారు చీర కుచ్చెళ్లు ఎగదోపి, గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, పాప తలకి సబ్బు రుద్దడం మొదలుపెట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. "నీళ్లతో పెట్టిందేగా, నీళ్లతోనే వదులుతుంది. వదలకపోతే నా పేరు మార్చుకుంటా." నురగ చూసి పాప కేరింతలు కొట్టింది. పాప ఊపిరి కోసం చచ్చి బతికిన కోడలికి, ఆ గంభీరమైన ఉతుకుడు చూసి నవ్వొచ్చింది. నవ్వేసింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

భర్తకి నవ్వు రాలేదు. "తొమ్మిదో తరగతి పూర్తి చెయ్యనిదానివి, నువ్వు ఫాదరువా? ఏవో నాలుగు మాటలనేస్తే అయిపోతుందా? చర్చి పుస్తకంలో రాయించావంటే చూడు. పాపని మా అక్క దగ్గర పెట్టేస్తా. పిల్ల ముక్కు దగ్గర పదిసార్లు వేలు పెట్టి చూసేదాన్ని పిచ్చిదంటే ఎవరైనా నమ్ముతారు."

ఆ రాత్రి ఆమె పక్కన పాప హాయిగా నిద్రపోయింది. ఆమెకు పట్టలేదు. అతనికి తన భయం ఇన్నాళ్లూ కనిపిస్తూనే ఉందన్నమాట. సాయం పట్టడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి దాచుకున్నాడు.

శనివారం పొద్దున పాపకి టీకా ఉందని చెప్పి బయల్దేరింది. టీకా నిజంగానే ఉంది. అది వేయించి, అక్కడినుంచి గుడికి నడిచింది. ఆఫీసు గదిలో ఫాదరు, పీఠానికి పూలు సర్దే ముసలావిడ ఉన్నారు. ఆమె నిలబడే అంతా చెప్పింది.

"నీళ్లు తల మీద పారాయా, తడి చేత్తో తుడిచావా?" అనడిగారు ఫాదరు.

"పారాయి. నా జాకెట్టంతా తడిసింది."

"ఏమన్నావో మళ్లీ చెప్పు."

చెప్పింది. ఆయన కళ్లజోడు తీశారు. "అయితే నేను చెయ్యడానికేం మిగల్లేదమ్మా. మిగిలిన ప్రార్థనలు తర్వాత చేస్తాను గానీ, జ్ఞానస్నానం మళ్లీ ఇవ్వకూడదు. ఇచ్చినా అది లెక్కలోకి రాదు. నువ్విచ్చిందే ఇచ్చింది."

"కడిగితే?"

"ఏ సబ్బుకీ పోదు," అంది పూలావిడ, పక్కన కాడలు కత్తిరిస్తూ.

"గుడి బయట జరిగిన నీ పెళ్లి సంగతి బిషప్ గారికి రాయాలి, కొంచెం టైం పడుతుంది. అందాకా పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదు, పూజకి మాత్రం రా," అన్నారు ఫాదరు. "పాపది ఇప్పుడే రాసెయ్యొచ్చు. కానీ ఇంట్లో గొడవౌతుందంటున్నావు. కొన్నాళ్లు ఆగుదామా?"

ఆమె పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆగడం ఆమెకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. "రాయండి ఫాదర్," అంది.

పెద్ద పుస్తకం తెరిచారు. జ్ఞానస్నానం ఇచ్చినవారు అన్న గడిలో పైనుంచి కిందిదాకా ఫాదర్, ఫాదర్, ఫాదర్. ఆ వరస కింద ఆయన ఆమె పేరు రాశారు. పక్క గడిలో తల్లి అని మళ్లీ రాశారు. ఉతికిన ఏ దుప్పటి మీదా, వండిన ఏ పూటలోనూ కనిపించని పేరు, ఒకే వరసలో రెండుసార్లు. ఆమె దాన్ని కూడబలుక్కుని చదవలేదు. గడగడా చదివింది.

పూలావిడ గుమ్మం దాకా వచ్చింది. "రేపు ఆదివారం పూజలో కనబడకపోతే, గుడి తెరలన్నీ ఉతికించాలని మీ దుకాణానికొచ్చి కూర్చుంటా. మీ అత్తని నాకు వదిలెయ్."

ఇంటికొచ్చి, భర్తా అత్తగారూ ఇద్దరూ బల్ల దగ్గర ఉండగానే చెప్పింది. "రాయించాను. నా పేరుతోనే. రేపు ఎనిమిదిన్నర పూజకి పాపని తీసుకెళ్తున్నాను. వచ్చాక దుప్పట్లు చేస్తా." ఎవరూ ఏమీ అనకముందే లోపలికి వెళ్లి ఇస్త్రీపెట్టె వేడి పెట్టింది. పాపని అక్క దగ్గర పెట్టేస్తానన్న మాట అతను వెనక్కి తీసుకోలేదు.

అందుకే పూజకొచ్చే మీకో మాట. ముసలావిడ ఒక్కతే ఎన్నాళ్లని తెరలు మోసుకెళ్తుంది? ఎనిమిదిన్నర పూజలో ఎడమవైపు ఆఖరి బల్ల మీద, చంటిపిల్లతో ఆమె కనబడకపోతే, దుకాణానికి వెళ్లండి. ఏదో ఒక చొక్కా పట్టుకెళ్లండి. ఒంట్లో బాలేదని వాళ్లంటే, అయ్యో పాపం అని తిరిగొచ్చెయ్యకండి. ఆమెను పేరు పెట్టి పిలవండి. ఆమె బయటికొచ్చి, పాప తన దగ్గరే ఉందని తన నోటితో చెప్పేదాకా ఆ బల్ల దగ్గరినుంచి కదలకండి.