పువ్వు వెనక ఎర్రమాట

అద్దకం ఫ్యాక్టరీలో రంగుల మేస్త్రిని అందరూ మూగమేస్త్రి అంటారు. మాట రాక కాదు, వాడక.

నూలుకి వేసే రంగులు నాలుగు వందల పదహారు. ఏ రంగుకి ఏ పొడి ఎంత, ఏ వేడి మీద ఎంతసేపు ఉంచాలి, అన్నీ నలభై ఏళ్లు ఆయన తలలోనే ఉండేవి. యజమాని రంగులు కలిపే మెషిన్ తెచ్చాక, దాని కంప్యూటర్ పక్కన కూర్చుని మూడు నెలలపాటు ఒక్కొక్కటే చెప్పాడు. ఆపరేటరమ్మాయి టైపు చేసింది. చెప్పిన రంగునల్లా తలలోంచి దించేసుకున్నాడు. మూట దించినంత సుఖంగా ఉంది.

పొద్దున్నే మెషిన్ ఆన్ చేసేది ఆయనే. నల్లటి తెర మీద తెల్లటి గీతలు వానలా దిగేవి. ఇంగ్లీషు ఆయనకి ఒక్క ముక్క రాదు. ప్రతి గీత చివరా ఒక చిన్న పచ్చమాట ఉండేది. టీ గ్లాసు పట్టుకుని చివరి గీత దాకా చూసేవాడు. ఒకసారి కిందినుంచి ఐదో గీతలో ఎర్రమాట పడింది. వెళ్లి మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు.

"రంగుల లెక్కలు రెండో డిస్కులో కూడా ఒక కాపీ పడుతుంటాయి మేస్త్రీ. అది పోయింది. బాగా పట్టావు," అని మెకానిక్ డిస్కు మార్చేశాడు.

ఆ మెకానిక్ మానేశాక ఆ పని మేస్త్రి అల్లుడికి వచ్చింది. ఒకనాడు సరుకు చూడ్డానికొచ్చిన పెద్దమనిషి తెర మీద గీతలు చూసి, "రిపేరులో ఉందా?" అన్నాడు. యజమానికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున తెర మీద గీతల్లేవు. ఒక పువ్వు తిరుగుతోంది.

"ఆ గీతలేవి?" అన్నాడు మేస్త్రి.

"తీసేశాను మామయ్యా. ఇప్పుడొచ్చే మెషిన్లన్నీ ఇంతే. నీటుగా లేదూ?"

"ఎర్రమాట వస్తే?"

"మీరేమన్నా ఇంగ్లీషు చదువుతారా ఏంటి?" అల్లుడు నవ్వాడు. అక్కడ పనిచేసే అమ్మాయిలూ నవ్వారు.

"చదవను. చూస్తాను."

"వంద గీతల్లో తొంభైతొమ్మిది 'బాగుంది, బాగుంది' అనేవే. ఆ సోదంతా ఎవడు చూస్తాడు మామయ్యా?"

"ఆ తొంభైతొమ్మిదీ మింగెయ్యమనండి. ఆ ఒక్కటీ చెప్పనివ్వండి."

"అలా ఏరి చూపించాలంటే అదో పెద్ద పని. తీరిగ్గా చూద్దాం లెండి."

ఆ తీరిక రాలేదు.

మేస్త్రి పువ్వునే చూడటం మొదలుపెట్టాడు. నలభై అంకెలు లెక్కపెట్టేలోగా అది ఆగి మెషిన్ లేచేది. కొన్నాళ్లకి అరవై అయింది. ఇంట్లో అన్నం దగ్గర ఆ మాట అల్లుడి చెవిన వేశాడు.

"అప్‌డేట్ ఏదో అయ్యుంటుంది మామయ్యా. కాసేపు పువ్వు చూస్తే మీకేం పోయింది?"

"నాన్నా, ఆయన పని ఆయన్ని చేసుకోనియ్," అంది కూతురు.

మేస్త్రి చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రోజూ అరవై లెక్కపెట్టి పనిలోకి దిగేవాడు.

అలా ఏడు నెలలు గడిచాక ఒకరోజు పువ్వు ఆగలేదు. మధ్యాహ్నం దాకా తిరిగింది.

బయటినుంచి పెద్ద మెకానిక్ వచ్చాడు. మొదటి డిస్కు కాలిపోయిందన్నాడు. కాపీ ఉంది కదా అన్నాడు యజమాని. రెండో డిస్కు విప్పి చూస్తే అది అంతకుముందే చచ్చి ఉంది. మొదటిదాన్నే రెండు రోజులు గీకి గీకి చూశాడు. ఒక్క రంగూ రాలేదు. బయటపడింది ఒక్కటే, రోజూ పొద్దున మెషిన్ తనలో తను చెప్పుకున్న మాటలు.

"ఇదిగోనండీ. రెండో డిస్కు దొరకట్లేదని ఏడు నెలలుగా మొత్తుకుంటోంది. పొద్దున్నే దానికోసం వెతికి వెతికి, అప్పుడు లేచేది. ఎవరూ చూడలేదా?"

తెర నిండా అదే గీత, కింద మళ్లీ అదే గీత. చివర ఎర్రమాట. అల్లుడు నేల చూపులు చూశాడు.

"నువ్వు మళ్లీ చెప్పు మేస్త్రీ. నీకు రానిదా?" అన్నాడు యజమాని.

కూర్చున్నాడు. పదిహేను రోజులు కూర్చున్నాడు. ముప్పై ఒకటి వచ్చాయి. కళ్లల్లో పొర పెరిగి నీలానికీ పచ్చకీ తేడా తెలియడం లేదు. కలిపిన తొట్టిలోకి తొంగిచూసి ఆపరేటరమ్మాయి, "ఇది నెమలి రంగు కాదు పెదనాన్నా," అంది మెల్లిగా. ఆయన గరిటె కింద పెట్టేశాడు.

"పువ్వు ఆలస్యమవుతోందని నీకు తెలుసటగా? నాకు వచ్చి ఒక్కసారి గట్టిగా చెప్పకూడదూ?" అన్నాడు యజమాని.

చెప్పిన దగ్గర నవ్వారు. చెప్పాల్సిన దగ్గర ఆయనే చెప్పలేదు.

కొత్త మెషిన్ వచ్చింది. ఈసారి ఎవరూ అడక్కుండానే అల్లుడు పువ్వు తీసేశాడు.

"చూడండి మామయ్యా. ఒక్క గీత కూడా దాచలేదు. మీకోసమే."

మేస్త్రి టీ గ్లాసుతో నిలబడ్డాడు. నల్లటి తెర మీద వంద గీతలూ దిగాయి. కిందినుంచి ఐదోది చూశాడు. పచ్చ. పైనా పచ్చే, కిందా పచ్చే. రెండు డిస్కులూ కొత్తవి, నిగనిగలాడుతున్నాయి. లోపల ముప్పై ఒక్క రంగులున్నాయి, అవీ అనుమానమే.

"ఏమంటోంది పెదనాన్నా?" అంది ఆపరేటరమ్మాయి.

"అంతా బాగుందట," అని మేస్త్రి టీ పారబోసి ఖాళీ తొట్ల వైపు నడిచాడు.